ముగ్గు పోసినంక కొలత మార్చొచ్చా?



ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం తమ్ముళ్లు అడిగారు. ఎం.ఏ. ఆర్థికశాస్త్రం చదువుతున్నాను కాబట్టి పోటీ పరీక్షల గురించో, వ్యక్తిత్వ వికాసం గురించో రాస్తానని అనుకొని ఉంటారు. నేను మాత్రం సెల్‌ఫోన్‌లో ఆడే ఒక ఆట గురించి రాస్తున్నాను. ఆట అనగానే పేజీ తిప్పేయకండి. ఇందులో చీటీ ఉంది, బాకీ ఉంది, ఆదివారం చికెన్ ఉంది, చివరికి సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది.

ముందే ఒక మాట చెప్పాలి. ఇది డబ్బులు కాసి ఆడే పందెం ఆట కాదు. అలాంటి ఆన్‌లైన్ ఆటలను మన తెలంగాణలో 2017లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశమంతటికీ చట్టం చేసింది. నేను చెప్పేది నగరం కట్టే ఆట. మీలో చాలామంది ఆడే ఉంటారు. ఖాళీ మైదానం ఇస్తారు. ముందు రోడ్డు వేయాలి, రోడ్డు పక్కన ఇళ్లు కట్టాలి. ఇళ్లకు కరెంటు, నీళ్లు, మురుగు కాలువలు ఇవ్వాలి. ఆ తర్వాత బడి, దవాఖాన, ఫైర్ స్టేషన్. అన్నీ సరిగ్గా ఉంటే జనం వస్తారు, పన్నులు కడతారు. ఒకటి తక్కువైతే ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతారు.

ఈ రకం ఆటలకు పేరు తెచ్చింది 1989లో వచ్చిన సిమ్‌సిటీ. దాన్ని తయారు చేసిన విల్ రైట్ అంతకుముందు హెలికాప్టర్‌తో బాంబులు వేసే ఆట ఒకటి చేశాడు. అందులోని దీవులను, రోడ్లను, భవనాలను గీస్తున్నప్పుడు అతనికి ఒక సంగతి తట్టింది. కూల్చడం కంటే కట్టడమే తనకు ఎక్కువ సరదాగా ఉందని! అక్కడి నుంచి పుట్టింది సిమ్‌సిటీ. అప్పట్లో అది కంప్యూటర్లో ఒక్కరే ఆడుకునే ఆట. తర్వాత ఇంటర్‌నెట్ వచ్చింది. 2010 డిసెంబరులో ఫేస్‌బుక్‌లో సిటీవిల్ అనే ఆట మొదలైతే, రెండు నెలలు తిరగకముందే నెలకు 10 కోట్ల మందికి పైగా ఆడారు. ఇప్పుడు ఇలాంటివి ప్రతి ఫోనులోనూ దొరుకుతాయి. మేం ఆడింది అలాంటి వాటిలో ఒకటి. పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నది ఒక్క కంపెనీ సంగతి కాదు.

2020 మార్చిలో కరోనా వచ్చి హాస్టళ్లు మూసేసినప్పుడు మేమంతా ఊళ్లకు వెళ్లాం. ఆన్‌లైన్ క్లాసుల కోసం మా నాయిన అప్పు తెచ్చి ఏడువేల రూపాయల ఫోను కొనిచ్చాడు. క్లాసులు వింటూ, సిగ్నల్ కోసం చెరువుకట్ట మీద కూర్చున్న రోజుల్లో ఆ ఆట నాకు పరిచయమైంది. తర్వాత డిగ్రీలో చేరి కాలేజీ హాస్టల్‌కు వచ్చినా అది నాతోనే వచ్చింది. స్టడీ అవర్ అయ్యాక, పడుకునే ముందు అరగంట.

మా నాయిన తాపీ మేస్త్రీ. ముప్పై ఏళ్లుగా ఊళ్లో, పట్నంలో ఎందరికో ఇళ్లు కట్టాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదటివాణ్ణి. నాకంటూ తాళం వేసుకునే చోటు ఐదో తరగతి నుంచి హాస్టల్ ట్రంకుపెట్టె ఒక్కటే. అలాంటి నాకు ఆ ఆటలో ఒక నగరం దొరికింది. దానికి తాపీనగర్ అని పేరు పెట్టుకున్నాను. ఆ ఆటలో హాస్టల్ అనే భవనం లేదు. బడి పక్కన నాలుగంతస్తుల ఇల్లు ఒకటి కట్టి, అదే హాస్టల్ అనుకున్నాను.

అందులో నాకు అన్నిటికంటే నచ్చిన నియమం ఒకటుంది. రోడ్డు తగలని ఇంటికి జనం రారు. అంటే ఊరి చివర ఒక వాడను పెట్టి, దానికి రోడ్డూ నీళ్లూ ఇవ్వకుండా ఊరు నడపడం ఆ ఆటలో కుదరదు. మా వాడకు సిమెంటు రోడ్డు నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వచ్చింది. అందుకే ఆ నియమం మీద నాకు అంత గురి. నియమం అంటే ఇలా ఉండాలి, అందరికీ ఒకటే ఉండాలి అనిపించేది.

ఇప్పుడు ఆ ఆట లెక్క చెప్తాను. ఆట ఉచితం. మరి కంపెనీకి డబ్బులు ఎక్కడివి? వాళ్లు అమ్మేది ఎదురుచూపును. ఒక అంతస్తు లేవాలంటే 12 గంటలు ఆగాలి. ఆగలేనివాడు డబ్బులు కట్టి ఇప్పుడే లేపుకోవచ్చు. ఆగగలిగినవాడు ఉచితంగా కట్టుకోవచ్చు. అంటే అక్కడ చెల్లే నాణేలు రెండు: ఒకటి రూపాయి, రెండోది కాలం. మా దగ్గర రూపాయి లేదు. కాలం, ఓపిక ఉన్నాయి. ఇది న్యాయమైన బేరమే. మాలాంటి ఉచితం వాళ్లు లక్షల్లో ఉంటేనే అక్కడ సంత కళకళలాడుతుంది, డబ్బులు కట్టేవాళ్లకు పోటీపడటానికి మనుషులు దొరుకుతారు. మేం ఊరికే తినిపోయేవాళ్లం కాదు, ఆ నగరాలకు జనం మేమే.

మా రూంలో ఆరుగురం. ఆరుగురం ఆడేవాళ్లం. ఆ ఆటలో విమానాశ్రయం కట్టాలంటే 300 ఉక్కు దూలాలు కావాలి. ఎంత కష్టపడినా రోజుకు 2 దూలాలే దొరుకుతాయి. అంటే ఒక్కడికి 150 రోజులు. అయితే స్నేహితులకు దూలాలు బహుమతిగా పంపే వీలుంది. మా రూంలో బి.కాం. తమ్ముడు ఒక ఉపాయం చెప్పాడు. మా అమ్మలు వాడలో వేసుకునే చీటీ లాగా మనం కూడా చీటీ వేద్దామన్నాడు. ఆరుగురం రోజుకు 12 దూలాలు ఒక్కడికే పంపితే 25 రోజుల్లో అతని విమానాశ్రయం అయిపోతుంది. తర్వాత ఇంకొకడికి. 150 రోజుల్లో ఆరుగురికీ పూర్తవుతుంది. ఎవరి కష్టమూ పెరగదు, కాకపోతే ముందు వచ్చినవాడికి ముందు అందుతుంది. కాగితాలు మడిచి స్టీలు గ్లాసులో వేసి తీశాం. నాకు ఐదో నంబరు వచ్చింది.

చీటీ చక్కగా నడిచింది. ఒక్కరోజు కూడా ఎవరూ ఎగ్గొట్టలేదు. డేటా అయిపోయినవాడికి పక్కవాడు హాట్‌స్పాట్ ఇచ్చేవాడు. ఇంటికి వెళ్లినవాడు బస్సులో నుంచి కూడా పంపేవాడు. 75 రోజుల్లో ముగ్గురి విమానాశ్రయాలు లేచాయి. నాలుగోవాడికి 15 రోజులుగా 180 దూలాలు చేరాయి. సరిగ్గా అప్పుడు, 2022 డిసెంబరులో ఒక ఉదయం ఆట తెరిస్తే కొత్త అప్‌డేట్ వచ్చి ఉంది.

అందులో నాలుగు మార్పులు. ఒకటి, విమానాశ్రయానికి 300 కాదు, 500 దూలాలు కావాలి. రెండు, పాత దూలాలు మూడు ఇస్తే కొత్త దూలం ఒకటి లెక్క. మూడు, దూలాలను ఇకమీద ఎవరికీ బహుమతిగా పంపకూడదు. నాలుగు, 50 దూలాల ప్యాకెట్టు 449 రూపాయలకు దుకాణంలో దొరుకుతుంది. రోజుకు 2 దూలాలు అన్నది మాత్రం మారలేదు. ముందు రోజు దాకా ఒక్క నోటీసు లేదు.

లెక్క వేసి చూడండి. నాలుగోవాడి 180 దూలాలు రాత్రికి రాత్రి 60 అయ్యాయి. నేనూ, ఆరో నంబరు తమ్ముడూ చెరో 180 దూలాలు ఇచ్చి ఉన్నాం, మా చేతిలో సున్నా. మొదటి ముగ్గురికి ఒక్కొక్కరికి 300 అందాయి, వాళ్లు ఇచ్చింది 180. అంటే తలకు 120 చొప్పున 360 దూలాలు మా ఇద్దరికీ బాకీ. తీర్చాలని ఉన్నా తీర్చే దారి లేదు, బహుమతి బటనే తీసేశారు. నేను ఒంటరిగా మొదలుపెడితే 250 రోజులు పడుతుంది. కొనాలంటే పది ప్యాకెట్లు, 4,490 రూపాయలు. మా నాయిన అప్పటి కూలి రోజుకు 900. ఐదు రోజులు ఎండలో గోడ కడితే ఒక బొమ్మ విమానాశ్రయం! కాలం అనే నాణేన్ని రద్దు చేసి రూపాయి ఒక్కటే చెల్లుతుందన్నట్టుంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినంక బోడి మల్లయ్య అని మనవాళ్లు ఊరికే అనలేదు.

నాకు కోపం వచ్చింది. ఆటకు ఇంత కోపమా అని నవ్వేవాళ్లు ఉంటారు. పోయింది బొమ్మ దూలాలే, ఒప్పుకుంటాను. కానీ ఆ 90 రోజుల పట్టుదల బొమ్మ కాదు. ఒకరి మాట మీద ఒకరు నిలబడి ఆరుగురు కట్టుకున్న ఏర్పాటు బొమ్మ కాదు. అసలు నష్టం ఆ సాయంత్రం రూంలో కనిపించింది. మొదటి ముగ్గురు తల ఎత్తి మాట్లాడలేకపోతున్నారు. ఆరో నంబరు తమ్ముడు ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. నియమం మార్చింది ఎక్కడో ఉన్న కంపెనీ, ముఖాలు చాటేసుకుంటున్నది మేము. అన్యాయపు నియమంలో ఉన్న పెద్ద చెడు ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది. అది పైనుంచి వస్తుంది, కొట్లాట మాత్రం కిందివాళ్ల మధ్య పెడుతుంది.

రెండు రోజులకు మొదటి నంబరు అన్నే నోరు విప్పాడు. "దూలాలు ఇయ్యలేం గని, బాకీ బాకీయే. ఆదివారం చికెన్ల కడతం" అన్నాడు. అందరం నవ్వాం కానీ అతను నిజంగానే అన్నాడు. 12 దూలాలకు ఒక ముక్క అని ధర కట్టారు. ఒక్కొక్కరు నాకు 60, ఆరో తమ్ముడికి 60 దూలాలు బాకీ కాబట్టి ఐదు ఆదివారాలు మాకు చెరో ముక్క ఇవ్వాలి. మెస్సులో వడ్డించేదే ఒక గరిట. అందులో నుంచి రెండు ముక్కలు తీసి మా ప్లేట్లలో వేస్తుంటే, వంట అక్క చూసి "ఏంరా, ఏమన్న మొక్కుకున్నరా?" అని అడిగింది. రెండో ఆదివారానికే మేమిద్దరం మిగతా బాకీ మాఫీ చేశాం. నాలుగోవాడికి మాత్రం ఎవరూ బాకీ లేరు. అతని నష్టమంతా నేరుగా కంపెనీ పెట్టిందే. అయినా అందరూ కలిసి అతనికి ఒకరోజు బయట బిర్యానీ తినిపించారు. కంపెనీ మాట తప్పింది. మా రూం తప్పలేదు. ఈ వ్యాసంలో నేను గర్వంగా చెప్పుకునే సంగతి ఇదొక్కటే.

ఆ తర్వాత అందరం కూర్చొని, డిక్షనరీ పక్కన పెట్టుకొని, కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరం రాశాం. తిట్టలేదు. మూడే అడిగాం. పాత దూలాలకు పాత విలువ ఇవ్వండి. సగంలో ఉన్న విమానాశ్రయాలను పాత లెక్కతోనే పూర్తి చేసుకోనివ్వండి. ఇకముందు ఇలాంటి మార్పులు చేసేటప్పుడు రెండు నెలల ముందు చెప్పండి. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. మా అభిమానానికి ధన్యవాదాలు చెప్పారు. నియమాలు ఎప్పుడైనా, నోటీసు లేకుండా మార్చే హక్కు తమకు ఉందని, ఆట మొదలుపెట్టేటప్పుడు మేము దానికి ఒప్పుకున్నామని చెప్పారు. వెతికి చూస్తే నిజమే. సెల్‌ఫోన్ తెరమీద వేలితో నెట్టీ నెట్టీ అలసిపోయేంత పొడుగు ఒప్పందం. కింద ఒక్క బటన్: ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోనంటే ఆటే లేదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఇదంతా మా నాయినకు చెప్పాను. ఆయనకు చదువు రాదు. ఆట సంగతి సగమే అర్థమైనట్టుంది. మొత్తం విని ఒకటే అడిగాడు.

"ముగ్గు పోసినంక కొలత మార్చిండ్రా?"

"అవును నాయినా."

"మరి ఊకున్నరా?"

ఇల్లు కట్టేముందు సున్నంతో నేలమీద గీతలు గీస్తారు, దాన్నే ముగ్గు పోయడం అంటారు. గది ఇంత, గోడ ఇంత, గుత్త ఇంత అని ఆ ముగ్గు దగ్గరే మాట అవుతుంది. మా నాయిన ఒకసారి జరిగింది చెప్పాడు. ఒక ఆసామి స్లాబు దాకా లేచినంక ఇంకో గది కలపమన్నాడట, పాత గుత్తకే. మా నాయిన వాళ్లు గొడవ పడలేదు. తాపీలు కడిగి పక్కన పెట్టి వేపచెట్టు కింద కూర్చున్నారు. సాయంత్రానికి పెద్దమనుషులు వచ్చి తేల్చారు. "పాత కొలతకు పాత రేటు, కొత్త కొలతకు కొత్త రేటు. గది కలుపుకోవద్దని మేమనలె బిడ్డా. ఇల్లు ఆయనది, ఆయన ఇష్టం. అయిన పనికి మాట మార్చుడే తప్పు" అన్నాడు.

నేను ఎం.ఏ.లో చదివిన పుస్తకాల్లో దీన్ని ఇంతకంటే తేలికగా చెప్పినది నాకు కనిపించలేదు. నియమాలు మారవచ్చు. కానీ ముందు జరగబోయే పనికి మాత్రమే మారాలి, జరిగిపోయిన పనికి కాదు.

ఇదే మాట సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 2008లో వచ్చిన కె. మంజుశ్రీ కేసు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే. జిల్లా జడ్జీల ఎంపికలో వ్రాతపరీక్ష, ఇంటర్వ్యూ రెండూ ముగిశాక, ఇంటర్వ్యూలో కూడా ఇన్ని కనీస మార్కులు రావాలని కొత్తగా నిబంధన పెట్టారు. ఆట ఆడేశాక ఆట నియమాలు మార్చడం కుదరదని కోర్టు ఆ నిబంధనను తప్పుపట్టింది. గమనించండి, కోర్టు కూడా ఆటతోనే పోల్చింది. తర్వాత రాజస్థాన్ హైకోర్టులో అనువాదకుల ఉద్యోగాల విషయంలో ఇదే ప్రశ్న మళ్లీ వచ్చింది. అక్కడ పరీక్ష అయ్యాక 75 శాతం మార్కులు ఉండాలన్నారు. ఆ కేసులో 2024 నవంబరు 7న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2008 నాటి తీర్పు సరైనదేనని చెప్పింది. నోటిఫికేషన్‌లో చెప్పిన అర్హతలను మధ్యలో మార్చకూడదు. మార్చవచ్చని నిబంధనల్లోనో, నోటిఫికేషన్‌లోనో ముందే ఉంటే మార్చవచ్చు, కానీ అప్పుడు కూడా ఆ మార్పు ఇష్టారాజ్యంగా ఉండకూడదు, రాజ్యాంగం 14వ అధికరణ చెప్పే సమానత్వ పరీక్షకు నిలబడాలి. గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముళ్లు ఈ రెండు తీర్పులనూ నోట్సులో రాసుకోండి. పరీక్షలో రావచ్చు, రేపు జీవితంలో కూడా అక్కరకు రావచ్చు.

మరి ఈ తీర్పు చూపించి ఆట కంపెనీని అడగవచ్చా? అడగలేం. 14వ అధికరణ ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది, ప్రైవేటు కంపెనీని కాదు. అక్కడ మనకున్నది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. అందులో అన్యాయపు ఒప్పందం అనే మాట కొత్తగా చేర్చారు. వినియోగదారుడి హక్కులను గణనీయంగా దెబ్బతీసే ఏకపక్ష షరతులను రాష్ట్ర కమిషన్ ముందు ప్రశ్నించవచ్చు. అయితే ఆ చట్టం ప్రకారం ఉచితంగా ఇచ్చే సేవ సేవ కిందికి రాదు. 449 రూపాయలు కట్టి ప్యాకెట్టు కొన్నవాడు వినియోగదారుడు. 90 రోజులు పోసిన మేము ఎవరమూ కాము! చట్టం కూడా రూపాయినే లెక్కపెడుతుంది, కాలాన్ని లెక్కపెట్టదు. పేదవాడి దగ్గర ఉండేది కాలమే కదా. ఈ ఖాళీని ఎవరైనా పూడ్చాలి. మన హాస్టల్ నుంచి లా చదువుతున్న తమ్ముళ్లు ఆలోచించాలని కోరుతున్నాను. డబ్బులు కట్టి నష్టపోయినవాళ్లు మాత్రం 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఇది మా ఆరుగురి గోడు మాత్రమే కాదు. స్టార్ వార్స్ గెలాక్సీస్ అనే ఆటలో ఆడేవాళ్లు సొంతంగా ఊళ్లు కట్టుకొని, ఊరిపెద్దలను ఎన్నుకొని ఉండేవాళ్లు. 2005 నవంబరులో కంపెనీ ఆట మొత్తాన్ని మార్చేసింది. ముప్పైకి పైగా ఉన్న వృత్తులను 9కి కుదించింది. నెలల తరబడి నేర్చుకున్న వృత్తి లేదనేసరికి జనం వెళ్లిపోయారు. 2011 డిసెంబరులో ఆ ఆట మూతపడింది. 2013 మార్చిలో వచ్చిన సిమ్‌సిటీకి ఒంటరిగా ఆడినా ఇంటర్‌నెట్ తప్పనిసరి చేశారు. సర్వర్లు తట్టుకోలేక, డబ్బులు పెట్టి కొన్నవాళ్లు వరసలో ఎదురుచూడాల్సి వచ్చింది. భారం తగ్గించడానికి ఆటలోని అన్నిటికంటే వేగవంతమైన గేరును కూడా కొన్నాళ్లు తీసేశారు. జనం గట్టిగా అడిగాక, ఏడాది తర్వాత 2014 మార్చిలో ఇంటర్‌నెట్ లేకుండా ఆడే వీలు ఇచ్చారు. కోట్లమంది ఆడిన సిటీవిల్ 2015 ఏప్రిల్‌లో మూతపడింది. దానితోపాటే అందరి నగరాలూ పోయాయి.

అసైన్డ్ భూమి సంగతి మన ఇళ్లల్లో చాలామందికి తెలుసు. సాగు చేసుకోవచ్చు, అమ్ముకోవడానికి లేదు. ఈ ఆటల్లోని నగరం అంతకంటే బలహీనమైనది. దానికి ఆ పట్టా కూడా లేదు. కట్టడం మనది, నేల వాళ్లది. ఈ నిజాన్ని ముందే చెప్పమని ఇప్పుడు కొన్ని చోట్ల అడుగుతున్నారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి 1 నుంచి, డిజిటల్ ఆటలు అమ్మేవాళ్లు మీరు కొంటున్నది వాడుకునే అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పాలని చట్టం వచ్చింది. ఐరోపాలో, అమ్మిన ఆటలను కంపెనీలు ఉన్నట్టుండి పనికిరాకుండా చేయకూడదని కోరుతూ 2025 జులై నాటికి 10 లక్షలకు పైగా సంతకాలు అయ్యాయి. ఐస్‌లాండ్ దేశంలోని ఒక కంపెనీ తయారు చేసిన ఈవ్ ఆన్‌లైన్ అనే ఆటలో ఆడేవాళ్లు ఓట్లేసి తమ ప్రతినిధులను ఎన్నుకుంటారు. 2011లో అక్కడ పెద్ద గొడవైనప్పుడు కంపెనీ ఆ ప్రతినిధులను తమ ఊరికి పిలిపించుకొని మాట్లాడింది. కాబట్టి అడిగితే ఏమీ కాదు అనుకోవద్దు.

కంపెనీ వైపు నుంచి కూడా ఆలోచించాలి, ఆర్థికశాస్త్రం చదివేవాడిగా అది నా బాధ్యత. ఆటలో సరుకులు మరీ పెరిగిపోతే వాటి విలువ పడిపోతుంది, బయట ద్రవ్యోల్బణం వచ్చినట్టే అక్కడా వస్తుంది. కొందరు దొంగ ఖాతాలు తెరిచి సరుకులు పోగేస్తారు. సర్వర్లకు, జీతాలకు డబ్బులు కావాలి. వీటి కోసం నియమాలు మార్చక తప్పదు. మార్చనివ్వండి. కొత్తగా మొదలుపెట్టే విమానాశ్రయానికి 500 దూలాలు పెట్టండి, మాకు అభ్యంతరం లేదు. సగంలో ఉన్నదానికి పాత లెక్క ఉంచండి. చేతిలో ఉన్న దూలానికి పాత విలువ ఇవ్వండి. చీటీ పూర్తయ్యేదాకా బహుమతి బటన్ ఉంచండి. దీనికి వాళ్లకు పెద్ద ఖర్చేమీ కాదు. మా నాయిన చెప్పిన పాత కొలతకు పాత రేటు, అంతే.

మా ఆరుగురిలో నలుగురం ఆ నెలలోనే ఆ ఆట ఆపేశాం. ఇద్దరు ఇంకొన్నాళ్లు ఆడారు, వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. నా తాపీనగర్‌లో విమానాశ్రయం కోసం చదును చేసిన స్థలం అలాగే ఉండిపోయింది.

తమ్ముళ్లకు నేను చెప్పేది ఆటలు ఆడవద్దని కాదు. ఆటైనా, కోచింగ్ సెంటరైనా, ఫీజు కట్టే కోర్సైనా, రేపు చేరబోయే ఉద్యోగమైనా, మీ కాలం పోసేముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. నియమం రాతలో ఉందా? మార్చే అధికారం ఎవరిది? మార్చేముందు ఎన్ని రోజుల నోటీసు ఇస్తారు? మారితే అప్పటిదాకా చేసినదాని సంగతేమిటి? నాలుగింటికీ జవాబు దొరక్కపోవచ్చు. అయినా అడగండి. మన ఇళ్లల్లో మొదటిసారి చదువుకున్నవాళ్లం మనం. మన అమ్మానాన్నలు నోటిమాట మీద బతికారు, మనం సంతకాల మీద, బటన్ల మీద బతకబోతున్నాం. చదివి నొక్కడం, నొక్కాక కూడా ప్రశ్నించడం మనమే నేర్చుకోవాలి.

ఇతరులను అడిగేముందు మన ఇంట్లో సరిగ్గా ఉండాలి కదా. మన హాస్టల్ వెనక గ్రౌండ్‌లో క్రికెట్ ఆడేటప్పుడు గోడ దాటితే అవుటా, సిక్సా అన్నది టాస్‌కు ముందే తేల్చుకుంటాం. సగం ఓవర్లయ్యాక ఎంత పెద్ద అన్న చెప్పినా మార్చనివ్వం. అదే పద్ధతి మిగతా వాటికి కూడా ఉండాలి. హాస్టల్ విద్యార్థుల కమిటీకి నాదొక చిన్న విన్నపం. మెస్సు వంతులు, టీవీ సమయం, లైబ్రరీ పుస్తకాల గడువు, వార్షికోత్సవ పోటీల నిబంధనలు, ఏది మార్చాలన్నా 15 రోజుల ముందు నోటీసు బోర్డు మీద పెట్టండి. కిందితరగతి పిల్లలను కూడా పిలిచి అడగండి. మొదలైపోయిన పోటీకి పాత నియమమే ఉంచండి. ఐదో తరగతిలో చేరిన పిల్లవాడు మొదటి రోజు నుంచే ఇది చూస్తూ పెరిగితే, రేపు అతను ఆఫీసరైనా, మేస్త్రీ అయినా, ఆటలు తయారుచేసే ఇంజనీరైనా, ఇంకొకరి చెమట మీద కొలత మార్చడు.



— ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఏ. ఆర్థికశాస్త్రం